కలిసి చదువుకుంటే మేలా? విడిగా చదువుకుంటే మేలా?



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువు గురించి ఒక వ్యాసం రాసివ్వమని సంచిక కమిటీ వాళ్లు అడిగారు. మొదట పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. కానీ ఈ హాస్టల్లో ఉండి డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్న నన్ను ఒక ప్రశ్న చాలా రోజులుగా వెంటాడుతోంది. అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే కాలేజీలో చదివితే మంచిదా, వేర్వేరు కాలేజీల్లో చదివితే మంచిదా? వక్తృత్వ పోటీల్లో ఈ అంశం మనమంతా విన్నదే. నాకు మాత్రం ఇది పోటీ అంశం కాదు, మా ఇంటి విషయం.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ని నేను. నాన్న సిరిసిల్లలో సాంచెల మీద పని చేస్తాడు. అమ్మ బీడీలు చేస్తుంది. పట్టా ఇంటికి తెచ్చిన రోజు అమ్మ దాన్ని దేవుని అర్రలో పెట్టి మొక్కింది. వాడకట్టు వాళ్లంతా వచ్చి మెచ్చుకున్నారు. కానీ నిజం చెప్పాలంటే ఆ పట్టా ముందుగా మా అక్కకు రావాల్సింది.

అక్క 2015లో ఇంటర్మీడియట్ పాసైంది. మార్కుల్లో నాకంటే ఎంతో ముందు. అప్పుడు మాకు అందుబాటులో ఉన్న డిగ్రీ కాలేజీలో అందరూ కలిసే చదువుతారు. బస్సు దిగి కొంత దూరం నడవాలి కూడా. "మగపిలగాండ్ల నడుమకు ఒక్కదాన్ని ఎట్ల తోలుదు?" అని నాన్న ఒక్కటే మాటన్నాడు. అక్క రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు అమ్మ పక్కన చాట ముందు పెట్టుకొని కూర్చుంది. మరుసటి ఏడాదే, అంటే 2016లో, సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ రాష్ట్రమంతటా 30 మహిళా డిగ్రీ కాలేజీలు తెరిచింది. అప్పటికే అక్కకు సంబంధం ఖాయమైంది. తర్వాత కొన్నేళ్లకు మా చెల్లె అలాంటి కాలేజీలోనే సీటు తెచ్చుకుంది. ఈసారి నాన్న ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. పెట్టె మోసుకొని తానే వెళ్లి దింపి వచ్చాడు.

ఇల్లు అదే, తండ్రి అతనే. ఒక బిడ్డ ఆగిపోయింది, ఒక బిడ్డ చదివింది. అందుకే ఈ విషయాన్ని తెలిసినంతలో కొంచెం లోతుగా చూద్దామని ఈ ప్రయత్నం.

రెండు వేర్వేరు ప్రశ్నలు

సహవిద్య గురించి మాట్లాడేటప్పుడు మనం రెండు ప్రశ్నలను కలిపేస్తుంటాం. మొదటిది కాలేజీ గేటు దగ్గరి ప్రశ్న. ఎవరు లోపలికి రాగలుగుతున్నారు, ఎవరు బయటే ఆగిపోతున్నారు? రెండోది తరగతి లోపలి ప్రశ్న. వచ్చినవారిలో ఎవరు నోరు తెరిచి అడగగలుగుతున్నారు, ఎవరు మూడేళ్లూ మౌనంగా కూర్చొని వెళ్లిపోతున్నారు? ఈ రెండింటికీ జవాబు ఒకటే కాదు. విడివిడిగా చూస్తేనే విషయం తేటపడుతుంది.

మన దగ్గర మహిళా కాలేజీలు ఎలా వచ్చాయి?

తెలుగు నేల మీద ఆడపిల్లల చదువు గేటు దగ్గరి ప్రశ్నతోనే మొదలైంది. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ధవళేశ్వరంలో బాలికల కోసం పాఠశాల పెట్టారు. ఆడపిల్లను గడప దాటనివ్వని రోజుల్లో వారికంటూ ఒక బడి ఉండటమే పెద్ద ముందడుగు.

హైదరాబాదు రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1924లో స్త్రీలకు వేరుగా కాలేజీ వచ్చింది. అదే తర్వాత పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మారి కోఠి మహిళా కళాశాలగా పేరు పొందింది. పరదా పాటించే కుటుంబాల ఆడపిల్లలకు కూడా అలాంటి కాలేజీల వల్లే ఉన్నత విద్య అందింది. ఆ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు ఉంది. భూమి కోసం కొట్లాడిన ఒక బహుజన స్త్రీ పేరు విశ్వవిద్యాలయానికి ఉండటం మనలాంటి వాళ్లకు గర్వకారణం. అటు తిరుపతిలో 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఏర్పడింది. మన ప్రాంతంలో కరీంనగర్‌లో, జగిత్యాలలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీలు ఉన్నాయి.

నేడు దేశంలోని కాలేజీల్లో దాదాపు పదింట ఒకటి కేవలం అమ్మాయిల కోసం నడుస్తోంది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం సహవిద్యా కాలేజీలే.

ఇక్కడ ఒక పెద్దాయన మాట గుర్తు చేసుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1948–49లో, డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ పని చేసింది. మన దేశంలో నిజమైన సహవిద్యా కాలేజీలు చాలా తక్కువని, ఉన్నవి స్త్రీలను కూడా చేర్చుకున్న పురుషుల కాలేజీలేనని ఆ నివేదిక అభిప్రాయపడింది. ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంచెం సేపు ఆలోచించాను. నేను చదివిన చోట అమ్మాయిలకు కూర్చునే గది ఎక్కడుంది? మూత్రశాల తలుపుకు గడియ ఉందా? గ్రౌండులో ఎప్పుడైనా అమ్మాయిలు ఆడగా చూశానా? సాయంత్రం అయిదు దాటితే లైబ్రరీలో ఎవరు మిగులుతారు? 75 ఏళ్ల కింద రాసిన మాట ఇంకా పాతబడలేదని అర్థమైంది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

మహిళా కాలేజీల్లో ఫలితాలు బాగుంటాయి కాబట్టి విడి చదువే మంచిదని చాలామంది అంటారు. ఇలా అనేముందు ఒక జాగ్రత్త అవసరం. మన సిరిసిల్ల భాషలో చెబుతాను. ఒక సాంచెకు మంచి నూలు ఎక్కించి, ఇంకో సాంచెకు మాటిమాటికి తెగిపోయే నూలు ఎక్కించి, దిగిన గుడ్డను చూసి ఏ సాంచె మంచిదో చెప్పగలమా? చెప్పలేం. నూలు తేడాను పక్కన పెట్టిన తర్వాతే సాంచె తేడా తెలుస్తుంది. కాలేజీలూ అంతే. ప్రవేశంలో ఏరి తీసుకున్న విద్యార్థులు, అక్కడే ఉండి చదివే వసతి, రాత్రి స్టడీ అవర్, ఇవన్నీ కలిసి ఫలితాన్ని ఇస్తాయి. అందులో అమ్మాయిలు విడిగా ఉండటం వల్ల వచ్చింది ఎంత అన్నదే అసలు ప్రశ్న.

2014లో పాల్కే, హైడ్, ఆలిసన్ అనే పరిశోధకులు 21 దేశాల్లో జరిగిన 184 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. అందులో లెక్కకు వచ్చిన విద్యార్థులు దాదాపు 16 లక్షల మంది. ఎక్కువమంది బడి పిల్లలే. నూలు తేడాను సరిగ్గా పక్కన పెట్టిన అధ్యయనాల్లో విడి బడులకు, కలిసిన బడులకు మధ్య చదువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కానీ దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో వేరే ఫలితం వచ్చింది. అక్కడ పిల్లలకు హైస్కూలును లాటరీ పద్ధతిలో కేటాయించేవారు. కాబట్టి నూలు తేడా చాలావరకు ఉండేది కాదు. 2013లో వచ్చిన అధ్యయనంలో విడి బడుల పిల్లలు, అటు బాలురు ఇటు బాలికలు, కాలేజీ ప్రవేశ పరీక్షలో కొంత మెరుగ్గా ఉన్నట్టు తేలింది.

కాలేజీ స్థాయిలో జరిగిన రెండు ప్రయోగాలు నాకు ఇంకా ఉపయోగంగా అనిపించాయి. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయం సహవిద్యా సంస్థ. అక్కడ మొదటి సంవత్సరం విద్యార్థులను చిన్న తరగతులుగా విడదీసి, కొన్నింటిలో అమ్మాయిలనే, కొన్నింటిలో అబ్బాయిలనే, కొన్నింటిలో ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టారు. అమ్మాయిలు మాత్రమే ఉన్న తరగతుల్లో చదివిన అమ్మాయిల ఫలితాలు మెరుగయ్యాయి. అబ్బాయిలకు విడిగా కూర్చోవడం వల్ల లాభం రాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులతో 2015లో ఇంకో అధ్యయనం వెలువడింది. నలుగురు ఉన్న జట్టులో ఒకే ఒక అమ్మాయి ఉంటే ఆమె తక్కువగా మాట్లాడింది. ముగ్గురు అమ్మాయిలు ఉంటే చర్చలో ఎక్కువగా పాల్గొన్నారు.

వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. కాలేజీ బోర్డు మీద 'మహిళా' అని ఉందా లేదా అన్న ఒక్కదానితోనే చదువు మారదు. పక్కన ఎంతమంది మనలాంటి వాళ్లున్నారు, తప్పు చెప్పినా పరవాలేదనే ధైర్యం ఉందా, ఇవి చదువును మారుస్తాయి.

నా తరగతిలో నేను చూసింది, నేను చేసింది

నేను అయిదో తరగతి నుంచి ఇంటర్ వరకు బాలుర గురుకులంలో చదివాను. డిగ్రీలో మొదటిసారి అమ్మాయిలున్న తరగతిలో కూర్చున్నాను. మా తరగతిలో 31 మంది ఉంటే అందులో అమ్మాయిలు 8 మంది. వాళ్లు ఎడమ వైపు ముందు రెండు బెంచీలు, మేము మిగతా గదంతా. మొదటి సంవత్సరం మొత్తం మీద నేను ఒక్క అమ్మాయితో ఒక్క మాట మాట్లాడలేదు. నోట్సు కావాలంటే లెక్చరర్ సార్ చేతుల మీదుగా అడిగేవాణ్ని. అది మర్యాద అనుకున్నాను. అది మర్యాద కాదు, చేతకానితనం. బాలుర మధ్య పెరిగిన మాకు అమ్మాయి అంటే అయితే భయం, కాకపోతే ఎగతాళి. ఈ రెండూ కాని మూడో పద్ధతి ఎవరూ నేర్పలేదు.

ఒక రోజు సెమినార్‌లో ఒక అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడుతూ ఒక పదం దగ్గర తడబడింది. వెనక బెంచీలో ఎవరో ఆ పదాన్ని వెక్కిరిస్తూ పలికారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆమె కాగితం మడిచి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత చివరి సెమిస్టర్ దాకా ఆమె లేచి ఒక్క ప్రశ్న కూడా అడగడం నేను చూడలేదు. మేం అబ్బాయిలం కూడా ఇంగ్లీషులో తడబడ్డాం, మా మీదా నవ్వారు. కానీ రాత్రి హాస్టల్లో పప్పుచారు తింటూ మేమే దాన్ని మరిచిపోయేవాళ్లం.

ఈ సంగతి నాకు తప్పుగా తట్టింది చెల్లె మాటతో. సెలవులకు ఇంటికి వచ్చి, తాను సెమినార్ ఇచ్చానని, క్లాసుకు లీడర్ని కూడా తానేనని చెప్పింది. బడిలో పేరు అడిగితే తల వంచుకునే పిల్ల. "మరి తప్పు పోతే నవ్వరా?" అని అడిగాను. "నవ్వుతరు అన్నా. కానీ ఆ నవ్వు బస్టాండ్ దాకా వెంట రాదు" అంది. నాకు ఆ కాగితం మడిచిన అమ్మాయి గుర్తొచ్చింది. మా నవ్వు ఆమె వెంట ఎంత దూరం వెళ్లిందో నాకు తెలియదు.

పీజీలో పరిస్థితి తిరగబడింది. మన రాష్ట్రంలో ఈ మధ్య సీపీగెట్ ద్వారా పీజీలో చేరుతున్నవారిలో అమ్మాయిలే ఎక్కువ. మా తరగతిలో 26 మందిమి ఉంటే 19 మంది అమ్మాయిలే. ఇక్కడ వాళ్లు అడుగుతారు, వాదిస్తారు, నా సర్వే ప్రశ్నావళిలో తప్పులు ఎత్తి చూపుతారు. మొదటి రెండు నెలలు నేను నోరు విప్పలేదు. అప్పుడు తెలిసింది, ఎనిమిది మందిలో ఒకరుగా కూర్చోవడం ఎలా ఉంటుందో.

విడి కాలేజీతో అన్నీ తీరుతాయా?

తీరవు. చెల్లె విషయమే చెబుతాను. మహిళా కాలేజీలో లీడర్‌గా ఉన్న పిల్ల పీజీలో కలిసిన తరగతికి వెళ్లి మొదటి నెలంతా నాలాగే మౌనంగా కూర్చుంది. రేపు ఉద్యోగం ఏ ఆఫీసులో వచ్చినా స్త్రీ పురుషులు కలిసే పని చేయాలి. ఎప్పుడో ఒకప్పుడు దాటాల్సిన వాగును ఎంత దూరం తప్పించుకుంటాం? ఇంకో సంగతి, విడి కాలేజీలో కొన్ని కోర్సులే ఉంటాయి. అక్కడ లేని కోర్సు కావాలనుకున్న అమ్మాయి దాన్ని వదులుకోవాల్సి వస్తుంది.

భయంతో మంచి కాలేజీని వదులుకోవడం మన పల్లెల్లోనే ఉందనుకోవద్దు. గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థులపై చేసిన అధ్యయనంలో, దారిలో వేధింపుల భయం వల్ల అమ్మాయిలు మెరుగైన కాలేజీ వదిలి, ప్రయాణం సురక్షితంగా ఉండే తక్కువ స్థాయి కాలేజీని ఎంచుకుంటున్నట్టు తేలింది. అబ్బాయిల్లో ఇది అంతగా లేదు. అంటే మా నాన్న భయం ఒక్క సిరిసిల్ల భయం కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. దాంతో చార్జీల అడ్డంకి తొలగింది. బస్టాండులో నిలబడి కామెంట్లు చేసేవాళ్ల అడ్డంకి మాత్రం ఏ జీవోతోనూ తొలగదు. అది మన చేతిలో ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మహిళా కాలేజీలు కావాలి. అవి లేకపోతే అక్కలాంటి వాళ్లు గేటు దాకా కూడా రాలేరు. వాటిలో చేరిన అమ్మాయిని 'ధైర్యం లేనిది' అనే హక్కు ఎవరికీ లేదు. అదే సమయంలో కలిసి చదివే కాలేజీలు నిజంగా ఇద్దరివీ కావాలి. అది జరగడంలో ఎక్కువ బాధ్యత అబ్బాయిలది. ఎందుకంటే గేటు దగ్గర తల్లిదండ్రులు భయపడుతున్నది మనల్ని చూసే.

మనం చేయగలిగినవి

తమ్ముళ్లూ, ప్రభుత్వం చేయాల్సినవి చాలా ఉన్నాయి. ఈ హాస్టల్ నుంచి రేపు ఉదయం కాలేజీకి వెళ్లే మనం చేయగలిగినవి కొన్ని రాస్తున్నాను.

1. తరగతిలో ఎవరు తడబడినా నవ్వకండి. పక్కవాడు నవ్వితే జత కలవకండి. ఒక్కరు నవ్వితే అది నవ్వు, ముప్పై మంది నవ్వితే అది శిక్ష.

2. ప్రాజెక్టుకు జట్టు కట్టేటప్పుడు ఒక్క అమ్మాయిని ఒంటరిగా వేయకుండా, ఇద్దరు ముగ్గురు కలిసి ఉండేలా చూడమని లెక్చరర్‌ను అడగండి. రాసే పని అమ్మాయిలకు, మాట్లాడే పని అబ్బాయిలకు అని పంచుకోకండి.

3. అమ్మాయితో మాట్లాడితే ప్రేమ, మాట్లాడకపోతే పొగరు అని పుకార్లు పుట్టించకండి. ఆ పుకారు ఇంటికి చేరితే మీకు ఏమీ కాదు. ఆమె చదువు ఆగిపోతుంది.

4. 2015 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యా సంస్థలో వేధింపులపై ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. మీ కాలేజీలో అందులో ఎవరున్నారో కనుక్కోండి. నోటీసు బోర్డు మీద పేర్లు లేకపోతే పెట్టమని అడగండి.

5. మన హాస్టల్లోనూ, బాలికల హాస్టల్లోనూ క్విజ్, వ్యాసరచన పోటీలు వేరువేరుగా జరుగుతున్నాయి. వార్డెన్ల సమక్షంలో ఏడాదికి ఒకటి రెండు కలిపి పెడితే, కాలేజీ మొదటి రోజున నాకు కలిగిన బెదురు మీకు ఉండదు.

6. ఇంట్లో అక్కో చెల్లో చదువు మానాల్సి వస్తే మీరు మాట్లాడండి. అక్క విషయంలో నేను చిన్నవాణ్ని, నాకేం తెలుసని ఊరుకున్నాను. పదమూడేళ్లవాడు అడిగినా తండ్రి ఒకసారి ఆలోచిస్తాడు.

ముగింపు

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు అక్క కూడా పిల్లాణ్ని తీసుకొని ఇంటికి వచ్చింది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటి దగ్గర ఉండి డిగ్రీ చదవచ్చని, తరగతులకు స్టడీ సెంటర్‌కు వెళ్తే చాలని చెప్పాను. 1982 నుంచి ఆ విశ్వవిద్యాలయం మధ్యలో చదువు ఆగిన ఎంతోమందికి మళ్లీ దారి చూపింది. అక్క చాటలోని ఆకు కత్తిరిస్తూ అంతా విన్నది. ఫీజు ఎంతని అడగలేదు. పుస్తకాలు కష్టంగా ఉంటాయా అని అడగలేదు. కొంచెం సేపయ్యాక, "క్లాసుల ఆడోళ్లు ఎంతమంది ఉంటర్రా?" అని అడిగింది.

పదేళ్ల తర్వాత కూడా మా అక్కకు మొదట తట్టిన ప్రశ్న అదే. కనుక్కొని చెప్తానన్నాను. ఈ వ్యాసం అచ్చయ్యేలోపు సెంటర్‌కు వెళ్లి, లెక్క తెలుసుకొని, దరఖాస్తు కాగితంతో ఇంటికి వెళ్లాలని అనుకుంటున్నాను. ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం మీ అక్కచెల్లెళ్లకు రాకుండా చూసుకోవడం మీ వంతు.

మన హాస్టల్ విద్యార్థులందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. తప్పులుంటే మన్నించి, కలిసినప్పుడు చెప్పగలరు.

— ఎం.ఏ. సోషియాలజీ రెండో సంవత్సరం విద్యార్థి, మన హాస్టల్ పూర్వ విద్యార్థి, సిరిసిల్ల